బాల్య దశాబ్దంపై బెంగ

బడికి వెళ్లే వయసు నుంచి మొదటి ఉద్యోగం దాకా గడిచిన కాలాన్ని మిగతా జీవితం కన్నా ఎక్కువ మమకారంతో తలుచుకోవడం అన్ని సమాజాల్లోనూ ఉంది. తెలుగువాళ్ల నోట అది ‘మా చిన్నప్పుడు’, ‘ఆ రోజులే వేరు’ అనే మాటలతో మొదలవుతుంది. మాట ఒకటే అయినా తరం మారినప్పుడల్లా తలుచుకునే కాలం మారుతుంది. 1950ల్లో పెరిగినవారికి ఆ రోజులంటే ఘంటసాల పాట, విజయా వారి సినిమా, ఊళ్లో చెక్కభజన. 1980, 90ల్లో పెరిగినవారికి దూరదర్శన్, ఆడియో క్యాసెట్, ఇన్‌లాండ్ లెటర్, ఎస్టీడీ బూత్. ప్రస్తుతం తెలుగునాట ఎక్కువగా వినిపిస్తున్నది ఈ రెండో తరం బెంగ. సినిమాలు, వెబ్ సిరీస్‌లు, థియేటర్లలో పాత సినిమాల పునర్విడుదలలు, పదో తరగతి బ్యాచ్‌ల కలయికలు దాన్ని ఇళ్లలోంచి బజారుకు తెచ్చాయి. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

జబ్బుగా మొదలై

గతాన్ని తలుచుకుని కుంగిపోవడాన్ని ఒకప్పుడు వైద్యులు రోగంగానే చూశారు. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి దీనికి ‘నాస్టాల్జియా’ అని పేరు పెట్టి ఒక సిద్ధాంత వ్యాసం రాశాడు. పరాయి దేశాల్లో కూలికి యుద్ధాలు చేసే స్విస్ సైనికులు ఇంటి మీద బెంగతో తిండి మానేసి, నిద్రపట్టక చిక్కిపోయేవారు. ఇంటికి పంపడమే ఈ జబ్బుకు అసలు మందని వైద్యులు చెప్పేవారు. ఇంటి మీద బెంగ పోయిన కాలం మీద బెంగగా మారడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. ఊరికి తిరిగి వెళ్లవచ్చు గానీ 1989కి తిరిగి వెళ్లలేం కాబట్టి, కాలం మీద బెంగకు ఆ పాత మందు పనికిరాదు.

ఇరవయ్యో శతాబ్దం చివరికి మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేశారు. నడివయసు దాటినవారిని జీవితంలోని సంఘటనలు చెప్పమంటే పది, ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని 1986లో డేవిడ్ రూబిన్, ఆయన సహచరులు చూపించారు. తొలి స్నేహం, తొలి పరీక్ష, తొలిసారి ఇల్లు విడవడం, తొలి జీతం అన్నీ ఆ వయసులోనే. మొదటిసారి జరిగినది గట్టిగా నాటుకుంటుంది. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల వయసులవారికి పాత కొత్త పాటలు వినిపించారు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసులో విన్న పాటలనే ఎక్కువమంది ఇష్టపడ్డారు. ‘సాగర సంగమం’ (1983), ‘గీతాంజలి’ (1989) పాటలు తప్ప మిగతావి పాటలే కావని వాదించే అన్నయ్యలు, బాబాయిలు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ పాటలకు సంగీతం కూర్చిన ఇళయరాజా గొప్పతనం ఎలాగూ ఉంది. దానికి ఆ వాదించేవారి వయసు కూడా తోడైందని ఈ ప్రయోగం చెబుతుంది.

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో సెడికిడీస్, విల్డ్‌షుట్ బృందం 2006 నుంచి ప్రచురించిన పరిశోధనలు మరో సంగతి తేల్చాయి. మనిషి ఒంటరితనంలో ఉన్నప్పుడు గతం ఎక్కువగా గుర్తొస్తుంది. గుర్తొచ్చాక ఆ ఒంటరితనం కాస్త తగ్గుతుంది. అలా తలుచుకున్న సంఘటనల్లో మనిషి ఒక్కడే ఉండడం అరుదు. దాదాపు ఎప్పుడూ చుట్టూ ఇంకెవరో ఉంటారు. తెలుగువారి 80, 90ల జ్ఞాపకాలను దగ్గరగా చూస్తే ఈ మాట అక్షరాలా నిజమనిపిస్తుంది.

అందరూ ఒకే వేళకు

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. దానికి ముందే 1975–76లో ఉపగ్రహ బోధన ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు టీవీలు వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారం వచ్చింది. 1984లో దేశమంతటా వరసగా ట్రాన్స్‌మిటర్లు వెలవడంతో చిన్న పట్టణాల పెంకుటిళ్ల మీద కూడా యాంటెన్నాలు లేచాయి. ఆ టీవీల్లో కొన్ని హైదరాబాద్‌లోనే తయారయ్యాయి. అణుశక్తి విభాగం కింద 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ నలుపు తెలుపు రోజుల్లో ఇక్కడివారికి సొంత వస్తువు.

టీవీ ఉన్న ఇళ్లు తక్కువ కావడం వల్లే టీవీ చూడడం వీధి మొత్తానికి ఒక కార్యక్రమమైంది. శుక్రవారం చిత్రలహరి వేళకు పిల్లలు ముందు వరసలో నేల మీద, పెద్దలు వెనక మంచాల మీద, ఆలస్యంగా వచ్చినవారు కిటికీ ఊచలు పట్టుకుని. ఒకడు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి ‘వచ్చింది, వచ్చింది... పోయింది’ అని కేకలు. మధ్యలో తెర మీద ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న పలక పడితే ఎవరూ లేచి వెళ్లేవారు కాదు. 1983 నవంబర్ 14న తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్, టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో కాగితం చూసి, మధ్యమధ్య తలెత్తి, సూటిగా మనతోనే మాట్లాడినట్టు చదివేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసినప్పుడు సంతాపం తెలిపినవారిలో చాలామంది ఆయన్ని ఒక్కసారి కూడా నేరుగా చూడనివారే. వారికి ఆయన సాయంత్రం పూట ఇంటికొచ్చే పెద్దమనిషి.

1987 జనవరి 25న మొదలైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ హిందీలో నడిచింది. ‘లవకుశ’ (1963)లో ఎన్టీ రామారావును రాముడిగా చూసి దణ్ణం పెట్టిన ఊళ్లు, హిందీ ఒక్క ముక్క రాకపోయినా ఆదివారం పొద్దున్నే స్నానాలు చేసి టీవీ ముందు కూర్చున్నాయి. కథ తెలిసినదే కాబట్టి భాష అడ్డు రాలేదు. అర్థం కానిచోట హైస్కూలు పిల్లవాడెవడో తనకు తెలిసిన మేరకు చెప్పేవాడు. 1988 అక్టోబర్‌లో బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ వచ్చింది. 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్‌లో ‘రామాయణ్’ను మళ్లీ వేస్తే, ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. ఆ రోజుల్లో చేతిలో వందల చానళ్లు, ఫోన్లు పెట్టుకుని కూడా జనం పాత సీరియల్‌నే ఎందుకు వెతుక్కున్నారు? బొమ్మ నాణ్యత కోసం కాదు. దేశమంతా ఒకే వేళకు ఒకే వస్తువును చూస్తోందన్న భరోసా కోసం. 80ల బెంగకు అసలు కేంద్రం ఇదే. జనానికి కావాల్సింది ఆ పెట్టె కాదు, ఆ పెట్టె చుట్టూ కూర్చున్న మనుషులు.

వినేవి, చదివేవి, తినేవి

రేడియో అంతకుముందు తరం నుంచే ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య, అక్కయ్య’లుగా పిల్లల కార్యక్రమాలు నడిపారు. 80ల పిల్లలకు రేడియో అంటే ఎక్కువగా వివిధభారతి.

క్యాసెట్ మాత్రం పూర్తిగా వాళ్ల వస్తువే. గల్ఫ్ నుంచి వచ్చిన బంధువు తెచ్చిన టూ ఇన్ వన్ ఇంట్లో ఉంటే, తర్వాతి పని బజారులో క్యాసెట్లు రికార్డు చేసే షాపుకు పోవడం. నోటు పుస్తకంలోంచి చించిన కాగితం మీద కావలసిన పాటల జాబితా రాసుకుని వెళ్లాలి. షాపతను కాగితం చూసి, ఖాళీ క్యాసెట్ అరవై నిమిషాలదా తొంభైదా అని అడిగి, ఏ వైపు ఎన్ని పాటలు పడతాయో లెక్క చెప్పేవాడు. ఒక పాట మిగిలిపోతే దేన్ని తీసేయాలో తేల్చుకోలేక అక్కడే నిలబడిపోయేవారు. నాలుగు రోజుల తర్వాత క్యాసెట్ చేతికొస్తే, అట్ట మీద షాపతని దస్తూరీలో పాటల పేర్లు, పక్కనే షాపు ముద్ర. టేపు బయటికొచ్చి చుట్టుకుపోతే ఆరుపలకల పెన్నో పెన్సిలో చక్రంలో దూర్చి తిప్పడమే. పాట వినడానికి ఇంత ఓపిక పట్టిన చెవి ఆ పాటను అంత తేలిగ్గా వదలదు.

పుస్తకాల్లో చందమామది పెద్ద పీట. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషల్లో మొదలుపెట్టిన ఈ మాసపత్రికను కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా తీర్చిదిద్దారు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ వేసిన విక్రమార్కుడు, భుజం మీద శవం, చెట్టు మీది బేతాళుడు మూడు తరాల పిల్లలకు ఉమ్మడి ఆస్తి. బాలమిత్ర, బొమ్మరిల్లు, బాలజ్యోతి దాని పక్కనే బతికాయి. 2010ల తొలి ఏళ్లలో చందమామ ఆగిపోయింది. ఒక భాష తన పిల్లల పత్రికను పోగొట్టుకోవడం ఎంత పెద్ద నష్టమో ఇప్పటికీ మనం సరిగా లెక్క వేసుకోలేదు. ఇంట్లో ఆడవాళ్ల చదువు మరో దారిలో నడిచింది. యద్దనపూడి సులోచనారాణి నవలలు, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి వారపత్రిక సీరియల్స్, అద్దె పుస్తకాల షాపులు. మధ్యాహ్నం పనులయ్యాక ఒకరు చదివి మరొకరికి ఇచ్చేవారు. ఈ బెంగ గురించి రాసేవారిలో ఎక్కువమంది మగవారు కావడంతో క్రికెట్ బ్యాటుకు దొరికిన చోటు ఈ చదువుకు దొరకలేదు.

తిండి సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. నిమ్మతొనలు, పీచుమిఠాయి, పాలైస్, గోళీసోడా అందరూ చెప్పేవే. చిత్తూరులో పుట్టిన న్యూట్రిన్ కంపెనీ చాక్లెట్లు పుట్టినరోజు నాడు క్లాసంతా పంచేవి. గోల్డ్‌స్పాట్ 1993లో పార్లే తన శీతల పానీయాలను కోకకోలాకు అమ్మేసిన తర్వాత కనుమరుగైంది. థమ్సప్ మిగిలింది.

1991 గీత

ప్రతి తరానికీ బాల్యం మీద మమకారం ఉన్నా, 80, 90ల తరానికి అది ఇంత గట్టిగా ఉండడానికి చరిత్రలో కారణం ఉంది. 1991 జులైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఆర్థిక విధానాన్ని మలుపు తిప్పింది. అదే ఏడాది స్టార్ టీవీ, మరుసటి ఏడాది జీ టీవీ వచ్చాయి. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాయి. 1996 నుంచి ‘పాడుతా తీయగా’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఇంటింటి పిల్లలకు పాట నేర్పారు. 1998 నవంబర్‌లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరుచుకుంది. పక్కింటి ఫోన్‌కు పరుగెత్తిన పిల్లలే పదేళ్లు తిరగకుండా అమెరికా నుంచి ఇంటికి ఫోన్ చేశారు. ఒక లోకంలో పుట్టి మరో లోకంలో పెద్దవాళ్లయిన తరం ఇది. తాతల కాలంలో బాల్యం గడిచిపోయినా ఊరు అలాగే ఉండేది. వీరికి బాల్యంతో పాటు ఆ ఊరి తీరూ పోయింది. 2013 జులైలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

విదేశాలకు వెళ్లినవారి విషయం ఇంకొంచెం భిన్నం. 90ల చివర కంప్యూటర్ ఉద్యోగాలకు వెళ్లినవారికి ఊరు, కాలం రెండూ ఒకేసారి దూరమయ్యాయి. హోఫర్ చూసిన పాత బెంగ, నేటి కొత్త బెంగ వీరిలో కలిసిపోయాయి. వీరు విడిచివచ్చిన ఊరు వీరి మనసులో 1998లోనే ఆగిపోయి ఉంటుంది. సెలవులకు వచ్చినప్పుడు ఊరు మారిపోయిందని బాధపడేది ఎక్కువగా వీరే.

పదో తరగతి బ్యాచ్

ఈ బెంగ బయటపడే రూపాల్లో అచ్చంగా తెలుగువారిదనిపించేది పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం. సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో జిల్లా పత్రికల పేజీల్లో ఈ వార్త లేని రోజుండదు. ముందు ఎవరో ఒక వాట్సాప్ గ్రూపు తెరుస్తారు. నంబర్లు ఒకరి నుంచి ఒకరికి దొరుకుతూ పోతాయి. పాత హైస్కూలు ఆవరణలో షామియానా, బ్యాచ్ సంవత్సరం రాసిన ఫ్లెక్సీ, ఒకే రంగు చొక్కాలు, చీరలు. రిటైరైన మాస్టార్లను చెయ్యి పట్టుకుని తెచ్చి శాలువాలు కప్పి కాళ్లకు దణ్ణం పెడతారు. చనిపోయిన మిత్రుల, గురువుల పేర్లు చదివి మౌనం పాటిస్తారు. కొన్నిచోట్ల పాత క్లాసురూంలో బెంచీల మీద కూర్చోబెట్టి లెక్కల మాస్టారే హాజరు పిలుస్తారు. నలభై ఐదేళ్ల ఎస్సై, కిరాణా కొట్టు యజమాని, ఆశా కార్యకర్త లేచి నిలబడి ‘ప్రెజెంట్ సార్’ అంటారు. ఉద్యోగాల పొరలన్నీ ఆ ఒక్క పూటకు పక్కకు పోతాయి. చాలా బ్యాచ్‌లు వెళ్లేముందు బడికి ఫ్యాన్లో, బెంచీలో, మంచినీళ్ల యంత్రమో ఇచ్చి వెళతాయి. గతాన్ని తలుచుకోవడం వల్ల నేటి పిల్లలకు నేరుగా మేలు జరిగే చోటు ఇదొక్కటే కాబట్టి దీన్ని తక్కువ చేయకూడదు.

అయితే ఆ గ్రూపు ఫొటోలో లేనివారు కూడా ఉన్నారు. అది పదో తరగతి దాకా వచ్చినవారి ఫొటో. అయిదులోనే పత్తి చేలకు, బీడీలకు, పశువులకు పోయిన పిల్లలు, ఏడులో పెళ్లయిపోయిన ఆడపిల్లలు ఏ బ్యాచ్‌లోనూ లెక్కకు రారు. వారిదీ అదే బడి, అదే దశాబ్దం.

ఎవరి ఎనభైలు?

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను ఊచకోత కోశారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో మళ్లీ అదే జరిగింది. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ మత ఘర్షణలతో రక్తమోడింది. పాలమూరు కూలీలు దేశం నలుమూలలా మట్టి తట్టలు మోశారు. టీవీ ఉన్న ఇంటి గడప ఎవరు దాటవచ్చో, ఎవరు కిటికీ దగ్గరే ఆగాలో కులమే నిర్ణయించిన ఊళ్లు ఎన్నో. ‘అప్పట్లో అందరం కలిసిమెలిసి ఉండేవాళ్లం’ అనే మాటలోని ‘అందరం’ ఎంతమందో అడగకుండా ఆ దశాబ్దం చరిత్ర రాయడం కుదరదు.

మరోవైపు, అదే కాలాన్ని వేరే కారణాలతో గర్వంగా తలుచుకునేవారూ ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతటా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ తల్లులకు తొంభైలంటే చిత్రలహరి కాదు, తమ మాట చెల్లిన మొదటి సందర్భం.

రష్యాలో పుట్టిన విమర్శకురాలు స్వెత్లానా బోయ్మ్ 2001లో రాసిన పుస్తకంలో ఈ బెంగను రెండుగా విడదీసింది. పోయినదాన్ని ఉన్నదున్నట్టు తిరిగి నిలబెట్టాలనేది ఒకటి, పోయిందని ఒప్పుకుని దాని గురించి ఆలోచించేది ఇంకొకటి. తెలుగు సాహిత్యంలో మంచి బాల్య కథలన్నీ రెండో దారివే. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు జిల్లా పేద ముస్లిం ఇంటి ఆకలినీ అమ్మ ప్రేమనూ ఒకే వాక్యంలో చెబుతాయి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పల్లె కథల్లో కన్నీళ్లు లేని పేజీ వెతుక్కోవాలి. వాటిలో కాలం తీపిగా లేదు. మనుషులు దగ్గరగా ఉన్నారు.

వెండితెర

సినిమా వ్యాపారం ఈ బెంగను ఆలస్యంగా గుర్తించినా గట్టిగా పట్టుకుంది. 2010 జనవరిలో ‘మాయాబజార్’ (1957) రంగుల్లో వచ్చినప్పుడు తాతలు మనవళ్లను తీసుకెళ్లారు. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ (2006) మళ్లీ వేయడంతో పునర్విడుదలల వరస మొదలైంది. ప్రేక్షకులు తెర ముందు కాగితాలు చల్లి, పాటలన్నీ తామే పాడారు. 2025 మేలో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990), నవంబర్‌లో ‘శివ’ (1989) మళ్లీ థియేటర్లకు వచ్చాయి. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ లెక్కల మాస్టారి ఇంటి కథతో ఆ తరం తల్లిదండ్రులనూ వారి పిల్లలనూ ఒకే సోఫాలో కూర్చోబెట్టింది. ‘పోకిరి’కి ఎగబడ్డవారిలో చాలామంది 2000ల పిల్లలు. అంటే బెంగ ఇప్పటికే తర్వాతి దశాబ్దానికి జరిగింది.

ప్రభుత్వాలూ దీనికి స్పందించాయి. 2003 ప్రాంతంలో ఆగిపోయిన హైదరాబాద్ డబుల్ డెక్కర్ బస్సును 2023 ఫిబ్రవరిలో విద్యుత్ బస్సు రూపంలో తిరిగి తెచ్చారు.

మిగిలినవి

ఈ దశాబ్దాల ఆధారాలు వేగంగా పోతున్నాయి. ఆడియో, వీడియో టేపు అయస్కాంత పొర మీద నడిచే వస్తువు. తేమ, వేడి తగిలే మన ఇళ్లలో ఇరవై ముప్పై ఏళ్లకే పాడవడం మొదలవుతుంది. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం పత్రికలను కాపాడుతున్నాయి. మనసు ఫౌండేషన్ వంటివి పుస్తకాలను స్కాన్ చేస్తున్నాయి. ఇళ్లలో ఉన్నవాటికి మాత్రం దిక్కు ఇంటివారే. మీ అటక మీద అమ్మమ్మ గొంతు, పెళ్లి సన్నాయి, బడి వార్షికోత్సవం రికార్డయిన క్యాసెట్ ఉంటే ఈ ఏడాదే డిజిటల్‌లోకి ఎక్కించండి. పాత చందమామలు, వారపత్రికలు తూకానికి వేసేముందు దగ్గరి గ్రంథాలయాన్ని అడగండి. గ్రూపు ఫొటోల వెనక పేర్లు, ఊరు, సంవత్సరం పెన్సిల్‌తో రాసిపెట్టండి. ఆ ఫొటోలో లేని మీ తోటి పిల్లల పేర్లు కూడా రాయండి.